బూడిద రంగు జెట్‌కి ప్రీ-షేడింగ్ కావాలా, వద్దా?

కొత్త కంప్రెసర్:
1/48 స్కేలు హార్నెట్ ప్లాస్టిక్ మోడల్ కడుతున్నాను, ఎఫ్/ఎ-18సి ఫైటర్ జెట్. అతుకులు నున్నగా తోమేశాను, లేత బూడిద ప్రైమర్ కూడా పడింది. వేయాల్సింది అమెరికన్ నేవీ స్కీము: పైన ఎఫ్‌ఎస్ (అమెరికా ప్రభుత్వ రంగుల నంబరు) 36320, కింద 36375, రెండూ బూడిదలే. నేను చూసిన వీడియోల్లో అందరూ అసలు రంగుకి ముందు ప్యానెల్ లైన్ల (రేకుల అతుకుల గీతల) వెంబడి నలుపు కొడుతున్నారు, అదే ప్రీ-షేడింగ్. నాకన్నా సీనియర్ ఒకాయన మాత్రం "జెట్‌కి ప్రీ-షేడింగేంటి, తప్పు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకో చెప్పలేదు. మీరేమంటారు?

మైక్రాన్:
ఆయన చెప్పనిది నేను చెప్తా. అసలు విమానం మీద రెండు ప్యానెళ్ళ మధ్య సందు 3 మి.మీ. ఉందనుకుందాం. 48తో భాగిస్తే 0.06 మి.మీ., దాదాపు తలవెంట్రుక మందం. కిట్ మీద చెక్కిన గీత 0.2 మి.మీ. అనుకున్నా అది అసలు సైజులో సెంటీమీటరు సందు. అంటే గీత ఉన్నదే ఎక్కువ. దాని మీద మీరు ఎయిర్‌బ్రష్‌తో ఎంత సన్నగా కొట్టినా నల్ల పట్టీ 3, 4 మి.మీ. వెడల్పు వస్తుంది. 48తో గుణించండి, 14 నుంచి 19 సెం.మీ. ప్రతి ప్యానెల్ చుట్టూ జానెడు మసి పట్టిన హార్నెట్‌ని ఎవరైనా చూశారా? పైగా రంగు వెలిసేది ఎండకి. ఎండ ప్యానెల్ లైన్ చూసుకుని పడదు. చివరికి విమానం రూళ్ళ నోటుబుక్కులా తయారవుతుంది.

ఉప్పుగాలి:
మైక్రాన్ గారి లెక్క సరే. కానీ ఆయన ఎయిర్ ఫోర్స్ జెట్ గురించి మాట్లాడుతున్నారు, అడిగినాయన కడుతున్నది నేవీ జెట్. ఓడ మీద ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా సిబ్బంది ఎప్పటికప్పుడు గోకి, ప్రైమర్ పూసి, పైన బ్రష్షుతోనో రోలర్‌తోనో రంగు అద్దుతూనే ఉంటారు. తుప్పు ముందు మొదలయ్యేది ఎక్కడ? ఫాస్టెనర్ల చుట్టూ, ప్యానెల్ అంచుల్లో. కాబట్టి ఆ అద్దకాలు కూడా ప్యానెల్ లైన్లనే పట్టుకుని పోతాయి. ఒక బూడిద మీద ఇంకో బూడిద, దాని మీద నెల తర్వాత మరో బూడిద. "ప్యానెల్ లైన్ల వెంబడి తేడా ఉండదు" అంటే ఒప్పుకోను.

మైక్రాన్:
తేడా ఉండదని నేను ఎక్కడన్నాను? నల్ల పట్టీ ఉండదన్నాను. మీరు చెప్పే అద్దకం కొన్నిచోట్ల చుట్టూ ఉన్న రంగుకన్నా ముదురు, కొన్నిచోట్ల లేత. అంచులు కూడా తెగినట్టు ఉంటాయి. అది అసలు రంగు అయ్యాక పైనుంచి వేయాల్సింది, కింద నుంచి కాదు.

డెకాల్ పిచ్చి:
మీరిద్దరూ విమానం గురించి మాట్లాడుతున్నారు, మోడల్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అరచేయంత ప్లాస్టిక్ రెక్కకి ఒకే బూడిద కొడితే అది బొమ్మే. కంటికి పట్టు దొరకాలి. నీడని మనమే గీయాలి, టేబుల్ లైటు గీయదు. నేను ప్రతి జెట్‌కీ ప్రీ-షేడ్ చేస్తాను, చూసినవాళ్ళు ఆగి చూస్తారు.

మైక్రాన్:
ఆగి చూస్తారు, కాదనను. కానీ అడుగు దూరం నుంచి 1/48 మోడల్ చూడటమంటే అసలు విమానాన్ని 48 అడుగుల నుంచి చూడటం. అక్కడినుంచి మీ గీతలు అసలు కనపడవు.

డెకాల్ పిచ్చి:
48 అడుగుల నుంచి రివెట్లూ కనపడవు సార్. మరి వాటిని కిట్లో చెక్కితే మెచ్చుకుంటూ రివ్యూలు రాసేది మీరేగా!

సూది 0.2:
కాస్త పని దగ్గరికి వద్దాం. కొత్త కంప్రెసర్ గారూ, గీతల వెంట నలుపు కొట్టకండి, మొత్తం ఒకే బూడిదా కొట్టకండి. మధ్యలో ఇంకో దారి ఉంది. బూడిద ప్రైమర్ మీద ముదురు బూడిదతో, తెల్లబూడిదతో గజిబిజిగా మచ్చలు వేయండి. రంగు ఒక పాలు, థిన్నర్ రెండు పాళ్ళు. ఒత్తిడి 10, 12 పీఎస్‌ఐ దాటొద్దు. ఎయిర్‌బ్రష్ సూదిమొన ఉపరితలానికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరగా వెళ్తే రంగు సాలెకాళ్ళలా పాకుతుంది, దూరంగా వెళ్తే పొడి రాలుతుంది. మచ్చలన్నీ ఒకే సైజులో వస్తుంటే చేతిని ఆపి ట్రిగ్గర్ మార్చండి. తర్వాత 36320ని బాగా పలచన చేసి పైనుంచి పొరలు పొరలుగా వేస్తూ, మచ్చలు "ఉన్నాయా, లేవా" అన్న అనుమానం వచ్చే చోట ఆపాలి. ఇంకొక్క పొర వేద్దాం అనిపిస్తుంది చూడండి, అదే వేయకూడని పొర.

డెకాల్స్ (గుర్తులు, నంబర్లు ఉన్న స్టిక్కర్లు) అంటించాక ఒక చిక్కు వస్తుంది. కింద రంగంతా వెలిసినట్టుంటే, డెకాల్ మాత్రం ప్రెస్సు నుంచి ఇప్పుడే వచ్చినట్టు మెరుస్తుంది. అదే 36320ని ఇంకా పలచగా, దాదాపు రంగు నీళ్ళలా చేసి డెకాల్ మీదుగా ఒక్కసారి పోనిస్తే అదీ విమానంలో కలిసిపోతుంది.

కొత్త కంప్రెసర్:
థాంక్సండీ. ప్రైమర్ తీసేసి నల్లది కొట్టాలా? ఇంకోటి, రెక్కల ముందంచున సిల్వర్ చిప్పింగ్, అంటే రంగు లేచి లోహం కనిపిస్తున్నట్టు వెండి మచ్చలు, వేద్దామనుకుంటున్నా.

సూది 0.2:
ప్రైమర్ జోలికి పోకండి. లాకర్ రకమైతే సాండ్ పేపర్‌కి చక్కగా అరుగుతుంది. నీళ్ళలో కలిసే పాలీయురేథేన్ రకమైతే రుద్దినచోట పొరలా లేచిపోతుంది, అందుకే దాన్ని అస్సలు కెలకొద్దు. నల్ల ప్రైమర్ అలవాటైనవాళ్ళకి బాగానే ఉంటుంది, అది లేకపోతే పని ఆగిపోదు.

ఉప్పుగాలి:
సిల్వర్ వద్దు బాబూ! హార్నెట్ రెక్కల చర్మం కార్బన్-ఎపాక్సీ. గోకితే కింద వెండి ఎక్కడినుంచి వస్తుంది? రంగు లేచినచోట కనిపించేది ప్రైమరే. ఆ ఓపిక ఎడమవైపు ఎల్‌ఈఎక్స్ (రెక్క మొదలు నుంచి కాక్‌పిట్ పక్కగా ముందుకు సాగే భాగం) మీద పెట్టండి. ఎక్కే మెట్లు దాని కిందనుంచే దిగుతాయి కాబట్టి బూట్ల మురికంతా అక్కడే. కింద హైడ్రాలిక్ చారలు వేసేటప్పుడు దిశ మర్చిపోవద్దు. ఎగురుతూ కారింది వెనక్కి పోతుంది, నిలబెట్టినప్పుడు కారింది నిలువుగా దిగుతుంది. రెండూ కలిపి వేస్తే నమ్మబుద్ధేస్తుంది.

మైక్రాన్:
దీనికి ప్లస్ వన్. ఇంకో మాట: 36320లో మొదటి అంకె 3 అంటే మాట్, రెండోది 6 అంటే బూడిద. వాష్ (గీతల్లోకి పారించే పలచని ముదురు రంగు) కోసం వేసిన మెరుపు కోటు అలాగే వదిలేసి ఫొటోలు పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. వాష్ కూడా నలుపు వద్దు, ముదురు బూడిద చాలు. ఎఫ్-35 కడితే అసలే వద్దు. అందులో సందులు పూడ్చి పైన పూత పూస్తారు, చాలా ఫొటోల్లో ప్యానెల్ అంచులు చుట్టుపక్కలకన్నా లేతగా కనిపిస్తాయి. మీ నల్లగీత సిద్ధాంతం అక్కడ తలకిందులు.

డెకాల్ పిచ్చి:
నా సిద్ధాంతం నాకు చాలు సార్, ఎఫ్-35 నేను కట్టను.

కొత్త కంప్రెసర్:
విమానం మీద కాకుండా ముందు రెండు ఫ్యూయల్ ట్యాంకుల మీద చూశాను. ఒకదానికి నల్లగీతలు, రెండోదానికి మచ్చలు. గీతల ట్యాంకు రెండో పొర దాకా ఘాటుగా ఉంది, మూడో పొరకి గీతలు పూర్తిగా మాయమయ్యాయి, మధ్యలో ఆపే చోటే దొరకలేదు. మచ్చల ట్యాంకులో ఆ ఇబ్బంది రాలేదు. విమానానికి మచ్చలే వేస్తాను. కానీ ఇప్పుడు రెండు ట్యాంకులూ రెండు రకాలుగా ఉన్నాయి, ఒకటి మళ్ళీ కొట్టాలి కదా?

ఉప్పుగాలి:
ఎందుకు? ట్యాంకులు ఈ విమానంలోంచి ఆ విమానానికి మారుతూనే ఉంటాయి. అలాగే తగిలించెయ్యండి.