ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోతే లోపం ఉందని నిరూపించాల్సింది మనమా, కంపెనీయా?

హైవే బాటసారి:
సంక్రాంతికి ఊరెళ్తుంటే చిట్యాల దాటాక మా బావగారి కారు డివైడర్‌ని గుద్దింది. ఆయన సీటు బెల్టు పెట్టుకునే ఉన్నారు. ముందు భాగమంతా నుజ్జయినా రెండు బ్యాగుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. నోరు స్టీరింగ్‌కి కొట్టుకుని పై పళ్లు మూడు ఊడాయి, దవడకి ప్లేటు వేశారు. ఇప్పటికీ జావ తాగుతున్నారు. కంపెనీకి రాస్తే "బ్యాగు తెరుచుకునేంత దెబ్బ తగల్లేదు" అని రెండు ముక్కల్లో మెయిల్ పెట్టారు. కేసు వేస్తే నిలబడుతుందా?

పాత గ్యారేజ్:
ఇరవై ఏళ్లుగా బాడీ షాపు నడుపుతున్నాను, ఉన్న మాట చెప్తాను. బానెట్ నలిగినంత మాత్రాన బ్యాగు తెరుచుకోవాలని లేదు. సెన్సర్ చూసేది రేకు ఎంత నలిగిందని కాదు, బండి వేగం ఎంత తక్కువ సమయంలో పడిపోయిందని. ఆగి ఉన్న లారీ వెనక దూరిన బళ్లు చూశాను. బానెట్ లేచిపోయి అద్దం దాకా వస్తుంది, కింద గట్టి భాగానికి మాత్రం దెబ్బ ఉండదు. అప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు. ఇంకోటి, బండికి బుల్‌గార్డ్, అంటే ముందు బంపర్‌కి బిగించే ఇనప కడ్డీల చట్రం, ఉందా? అది ఉంటే దెబ్బ సెన్సర్‌కి సరిగా అందదు. వాటిని తీసేయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది.

వకీలు వాకిలి:
గ్యారేజ్ అన్నా, మీరు చెప్పిన సైన్స్ నిజమే. కానీ ఆ సంగతి సాక్ష్యంతో చూపించాల్సింది ఎవరు? పళ్లు ఊడిన మనిషా?

సుప్రీంకోర్టుకు ఇదే వాదన వచ్చింది. 2015లో కొన్న హ్యుందాయ్ క్రెటా, 2017 నవంబర్‌లో ఢిల్లీ-పానిపట్ హైవే మీద ప్రమాదం. బ్యాగులు తెరుచుకోలేదు, యజమానికి తల, ఛాతీ, పళ్లకు గాయాలు. ముందు నుంచి గట్టి దెబ్బ తగిలితేనే తెరుచుకుంటాయని కంపెనీ వాదించింది. వేగాలూ బలాలూ లెక్క కట్టే భౌతికశాస్త్ర నిపుణుడిగా వినియోగదారుడు ఉండనక్కర్లేదని 2022 ఏప్రిల్ 20న కోర్టు తేల్చింది. కారు మార్చి ఇవ్వాలి, వైద్య ఖర్చులకీ పోయిన ఆదాయానికీ 2 లక్షలు, మానసిక వేదనకు 50 వేలు, కేసు ఖర్చులకు 50 వేలు ఇవ్వాలన్న కింది వినియోగదారుల కమిషన్ ఆదేశం నిలబడింది. అది 1986 వినియోగదారుల రక్షణ చట్టం కింద వేసిన కేసు. 2019 చట్టంలో అయితే ఉత్పత్తి లోపానికి తయారీదారు బాధ్యత గురించి ఒక అధ్యాయమే ఉంది.

బయటి నుంచి చూసి లోపం కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఎయిర్‌బ్యాగులు తయారుచేసిన టకాటా కంపెనీ సంగతే చూడండి. బ్యాగుని గ్యాసుతో ఉబ్బించే వాళ్ల ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బాయే పేలి ముక్కలు మెడల్లోకి దూసుకుపోయాయి. ఒక్క అమెరికాలోనే 20 మందికి పైగా చనిపోయారు. పరీక్షల లెక్కలు తారుమారు చేశామని కంపెనీ 2017లో ఒప్పుకుంది. కట్టడానికి ఒప్పుకున్న 100 కోట్ల డాలర్లలో 85 కోట్లు కార్ల కంపెనీలకు, గాయపడ్డవాళ్లకు పన్నెండున్నర కోట్లే. నాకు కడుపు మండేది అక్కడే. అమెరికాలో పాత హోండాలు కొనుక్కునే మన పిల్లలకు చెప్పండి, బండి గుర్తింపు సంఖ్య (వీఐఎన్) కొట్టి, లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన బండో (రీకాల్) కాదో ముందు చూసుకోమని.

పాత గ్యారేజ్:
ఆ తీర్పు ఆ బండి ఫొటోలు చూసి ఇచ్చింది కదా, అన్నిటికీ వర్తించదు. తెరుచుకోని ప్రతి బ్యాగుకీ డబ్బు కట్టమంటే, చిన్న దెబ్బకే తెరుచుకునేలా పెడతారు. అది కొట్టే దెబ్బ తక్కువేం కాదు. మణికట్టు విరిగినవాళ్లని చూశాను. ముందు సీట్లో చిన్నపిల్లలుంటే ప్రాణానికే ముప్పు.

వకీలు వాకిలి:
ఒప్పుకుంటాను. అందుకే ప్రతి కేసులో డబ్బిమ్మని నేననడం లేదు. రెండు ముక్కల మెయిల్ కాకుండా రికార్డు చూపించమంటున్నాను. ఆ రికార్డు ఎయిర్‌బ్యాగుని నడిపే చిన్న కంప్యూటర్‌లో, అంటే కంట్రోల్ యూనిట్‌లో ఉండొచ్చు. దాన్ని చదివే సాధనం కంపెనీ దగ్గర ఉంటుంది, మన దగ్గర ఉండదు.

బాటసారి గారూ, ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యం బండి. టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) అని ఇన్సూరెన్స్ వాళ్లు స్క్రాప్‌కి పంపేస్తే మీ సాక్ష్యం దానితోనే పోతుంది. బ్యాటరీని, ఆ కంట్రోల్ యూనిట్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. సర్వేయర్ రిపోర్టు కాపీ తీసుకోండి, లోపలా బయటా ఫొటోలు తీయండి. పరీక్ష చేయించమని జిల్లా వినియోగదారుల కమిషన్‌ని అడగొచ్చు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు.

హైవే బాటసారి:
బుల్‌గార్డ్ లేదు, ఎప్పుడూ పెట్టించలేదు. మీది చదివి పొద్దున్నే యార్డుకు పరిగెత్తాను. స్క్రాప్ వాళ్ల ట్రక్కు గేటు దగ్గరే ఉంది, మన కారుకి గొలుసు కూడా తగిలించారు. బతిమాలి దింపించాను. యార్డు మేనేజర్ రాసిస్తే గానీ ఉంచనన్నాడు, కాగితం రాసి సంతకం పెట్టి వచ్చాను. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ప్రమాదానికి ముందు వెలిగేదా అని బావగారిని అడిగాను. ఆయన పలక మీద రాసి చూపించారు: "దసరా సర్వీసుకి ఇచ్చినప్పుడు చెప్పాను. ఏం కాదన్నారు."

వకీలు వాకిలి:
ఆ సర్వీసు జాబ్‌కార్డు ఉందా? ఈ రాత్రే వెతకండి.