దాచిన తలపాగా గుమ్మడి గింజలు వేస్తే వేరే కాయలొచ్చాయి, ఎందుకు?

పెరటిపిచ్చి:
నిరుడు మా పెరట్లో టర్క్స్ టర్బన్ గుమ్మడి ఒక పాదు వేశాను. నారింజ రంగు కాయ, పువ్వు రాలిన వైపు తెల్లటి, పచ్చటి చారలతో ఇంకో చిన్న కాయ తోసుకొచ్చినట్టుంటుంది. అచ్చం తలపాగా. కూరకు కాదు లెండి, గుమ్మం దగ్గర పెట్టుకుని మురిసిపోవడానికే. బాగున్న కాయ ఎంచి గింజలు దాచి, ఈసారి నాలుగు పాదులు పెట్టాను. ఒక్కదానికే సరైన తలపాగా వచ్చింది. రెండిటి కాయలు బూడిద రంగులో, బొడిపె ఉందా లేదా అన్నట్టున్నాయి. నాలుగోదానికి పిందె గోలీకాయంత అయ్యేసరికి పసుపు తిరిగి రాలిపోతోంది. పాత రకం, హైబ్రిడ్ కాదు, గింజ దాచుకోవచ్చనేగా అందరూ అనేది?

మట్టిచేతులు:
నిరుడు చుట్టుపక్కల ఇంకేం గుమ్మళ్లున్నాయి?

పెరటిపిచ్చి:
ఓ హబ్బర్డ్ పాదు, కాస్త దూరంలో జుకినీ. కానీ నిరుటి కాయలన్నీ బాగానే వచ్చాయండీ. కలిసిపోయి ఉంటే అప్పుడే తెలియాలిగా?

మట్టిచేతులు:
అక్కడే అందరం పప్పులో కాలేస్తాం. నేనూ మూడేళ్లు వేశాను. కాయ ఆకారం తల్లి పాదుదే. తేనెటీగ ఎక్కడి పుప్పొడి తెచ్చిందనేది లోపలి గింజకే తెలుసు, అది మొలిచి కాసినప్పుడు బయటపడుతుంది. మీ తలపాగా, హబ్బర్డ్ రెండూ కుకుర్బిటా మాక్సిమా జాతే, ఇట్టే కలిసిపోతాయి. జుకినీది పెపో జాతి, దాన్ని అనుమానించక్కర్లేదు. ఒకే కాయలో గింజలకు తండ్రులు వేరువేరుగా ఉండొచ్చు. అందుకే నాలుగింట్లో ఒకటి తల్లి పోలిక పట్టింది.

ఇకమీదట విత్తనం కోసం ఒక్క పువ్వు సంగతి మీరే చూసుకోండి. సాయంత్రం పాదు దగ్గరకెళ్తే మర్నాడు విచ్చుకునే మొగ్గ తెలిసిపోతుంది, కొస పసుపు తిరిగి ఉంటుంది. కింద బుల్లి కాయ ఉంటే ఆడది. తేనెటీగ దూరకుండా దాని కొసకీ, రెండు మగ మొగ్గల కొసకీ దారం కట్టండి. తెల్లవారాక మగపువ్వు కోసి, రేకులు ఒలిచేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల మెత్తగా రుద్దండి. ముందు వేలితో తాకి చూడండి, పసుపు పొడి అంటాలి. మళ్లీ ఆడపువ్వు మూతి కట్టేసి తొడిమకి ఎర్ర ఊలుదారం గుర్తుగా చుట్టండి. నేనోసారి గుర్తు పెట్టక, ఏడు కాయల్లో నా కాయేదో తెలియక తల పట్టుకున్నాను. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది, నిదానంగా చూద్దాంలే అనుకోకండి. రాలే పిందెలకీ ఇలాగే చేసి చూడండి, పుప్పొడి అందకా అలా రాలుతుంటాయి.

తీగజడ:
చిన్న చిన్న బొడిపెల అలంకార కాయలు వేసేవాళ్లకి మాత్రం జుకినీతోనే చిక్కు. అవీ పెపో జాతే. ఆ పక్కన కాసిన జుకినీ గింజలు దాచి వేస్తే, వచ్చిన కాయ చేదుగా ఉందంటే వెంటనే ఉమ్మేయండి. అది కుకుర్బిటసిన్ అనే చేదు విషం, వండినా పోదు, కడుపు అల్లకల్లోలం చేస్తుంది.

ఇంకోటి, తలపాగా కాయ తొక్కలో గోరు దిగకపోతేనే కోయండి. రెండంగుళాల కాడ ఉంచండి, కానీ ఆ కాడ పట్టుకుని ఎత్తొద్దు. ఊడిందా, అక్కడి నుంచే కుళ్లు మొదలు.

పెరటిపిచ్చి:
ఇప్పుడే వెళ్లి చూశాను. తలపాగా పాదుకి రేపటి ఆడ మొగ్గ ఒకటుంది! తీగలు ఒకదానిమీదొకటి పాకేశాయి, మగ మొగ్గ దానిదేనా, బూడిద కాయల పాదుదా అని మొదలుదాకా తడుముకుంటూ వెళ్లాల్సొచ్చింది. రెండు దొరికాయి, కట్టేశాను. ఎర్ర ఊలు లేదు, నీలం ఉంది. పర్లేదుగా?