రెండే సీజన్లు ఆడిన కామెరాన్ వేక్ సీఎఫ్ఎల్‌లో అందరికన్నా గొప్ప డిఫెన్సివ్ ఎండా?

హ్యామిల్టన్_పసుపు:
సీఎఫ్ఎల్‌లో, అంటే బంతిని చేత్తో విసిరి ఆడే కెనడా ఫుట్‌బాల్ లీగ్‌లో, వేక్‌ను మించిన డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ లైన్ అంచున ఆడేవాడు) పుట్టలేదని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. బీసీ లయన్స్ జట్టుకి ఆడింది 2007, 2008, అంతే. రెండుసార్లూ వెస్ట్ డివిజన్ ఫైనల్లో ఓడిపోయారు, లీగ్ ట్రోఫీ గ్రే కప్ లేదు. మా గ్రోవర్ కోవింగ్టన్ 1981 నుంచి 1991 దాకా హ్యామిల్టన్ జట్టుకే ఆడి 157 సాక్‌లు చేశాడు, అంటే బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్‌ని అతను విసిరేలోపే అన్నిసార్లు పడగొట్టాడు. 1986లో కప్పూ తెచ్చాడు. ప్రతి ఆటలో అంతంత బరువున్న మనుషుల్ని గుద్దుకుంటూ పదకొండేళ్లు నిలబడటం మాటలా?

సర్రీ_సింహం:
అన్నా, కోవింగ్టన్‌ని ఎవరూ తక్కువ చేయట్లేదు. కానీ వేక్ సాక్‌లు 2007లో 16, 2008లో 23, రెండేళ్లూ లీగ్‌లో ఫస్ట్, రెండేళ్లూ బెస్ట్ డిఫెన్స్ ఆటగాడి అవార్డు. 2005లో అమెరికా లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోక, అక్కడి జెయింట్స్ జట్టు చేర్చుకుని వదిలేశాక, జిమ్‌లో ట్రైనర్‌గా పనిచేసుకుంటూ బతికిన మనిషి వచ్చీరాగానే ఇలా ఆడటం నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మూడో_డౌన్:
ఇక్కడ పది గజాలు ముందుకెళ్లడానికి మూడే డౌన్లు (ప్రయత్నాలు) కదండీ, ఎన్ఎఫ్ఎల్‌లోలా నాలుగు కాదు, పాస్‌లు ఎక్కువ, సాక్ ఛాన్సులూ ఎక్కువే. పైగా 18 మ్యాచ్‌లు.

సర్రీ_సింహం:
మరి ఆ గజం సంగతి? ఇక్కడ డిఫెన్స్ లైన్ బంతికి గజం దూరంలో నిలబడాలి, ఎన్ఎఫ్ఎల్‌లో మధ్యలో ఉండేది బంతి పొడవంత ఖాళీయే. ఆ గజం దాటి వచ్చేలోపు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఎదుటి టాకిల్ కాళ్లు సర్దుకుని చేతులు చాచి సిద్ధంగా ఉంటాడు. అలాంటి చోట 23 చేశాడు కాబట్టే ఎన్ఎఫ్ఎల్ జట్టు మయామీ పిలిచింది, అక్కడ 2009 నుంచి 2018 దాకా 98 సాక్‌లు. రూల్స్ వల్ల వచ్చిన అంకెలైతే అక్కడ తేలిపోయేవి.

హ్యామిల్టన్_పసుపు:
తమ్ముడూ, మయామీ లెక్క మయామీదే. అక్కడ ఎంత బాగా ఆడినా అది ఈ లీగ్ ఖాతాలోకి రాదు, మనం మాట్లాడుతున్నది ఇక్కడి ఆట గురించి. సరే, ఏళ్లు వదిలేసి ఒక్క సీజనే చూద్దాం అన్నా, 1988లో కోవింగ్టన్‌వి 25 సాక్‌లు. అంతకుముందు 1984లో జేమ్స్ పార్కర్ 26.5 చేశాడు, అదీ మీ లయన్స్‌కే, 16 మ్యాచ్‌ల సీజన్‌లో.