ఎలకల గదిలో పనికి పరీక్ష రాయాలా, చేతి అనుభవం చాలదా?

కందుకూరు పిల్లోడు
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాల. పశుసంవర్ధక డిప్లొమా చేసి నెల్లూరు దగ్గర ఒక కాలేజీ యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల కోసం జంతువుల్ని ఉంచే చోట చేరినా. ఎలకలు, చిట్టెలకలు, కుందేళ్ళు, గినీపందులు ఉండాయి. రేపు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ పక్కకి, ఆ మందుల పరిశోధన కంపెనీల్లోకి పోవాలంటే ఆలాస్ అనే అమెరికా ప్రయోగ జంతుశాస్త్ర సంఘం వాళ్ళ పరీక్ష రాసుంటే మంచిదని ఒకరు చెప్పినారు. అందులో మూడు మెట్లు: ఏఎల్‌ఏటీ (అసిస్టెంట్ టెక్నీషియన్), ఎల్‌ఏటీ (టెక్నీషియన్), ఎల్‌ఏటీజీ (టెక్నాలజిస్ట్). మొదటిదానికి చదువుతుండా. పుస్తకం తెరిస్తే అన్నీ అంకెలే. ఇది నిజంగా పనికొస్తాదా, పని చేస్తా నేర్చుకుంటే చాలా?

పెన్నా గట్టు
అబ్బాయ్, ఈ పనిలోనే నా తల నెరిసింది. ఎలకల గది 20 నుంచి 26 డిగ్రీలు ఉండాలని నీ పుస్తకం చెప్తాది. రోహిణి కార్తెలో మన నెల్లూరులో కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ కూడా అయిపోతే ఆ అంకె ఏం చేస్తాది? మా దగ్గర అట్టా అయిన పూట గది తలుపు తీయంగానే నాకు అర్థమైంది. ఎలకల గడ్డాలు, పొట్టలు తడిగా ఉండాయి. ఎలకకి మన మాదిరి చెమట పట్టదు, కుక్క మాదిరి రొప్పి చల్లబడనూ లేదు. చొంగ ఒంటికి రాసుకుంటాది, తోకలోంచి వేడి వదులుతాది. వెంటనే కేజీలు కింది అరల్లోకి దించి, కిక్కిరిసి ఉన్నవాటిని విడదీసినా. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

చీమకుర్తి వాసి
జీతం పెరుగుతుందా పెరగదా, ముందు అది చెప్పండి.

గూడూరు అమ్మాయి
సార్, మీరు చూసింది నూటికి నూరుపాళ్ళు నిజం. అదే విషయం పుస్తకంలోనూ ఉంది. కానీ కంటికి కనపడినదానికల్లా అర్థం తెలియదు కదండీ. ఎలక కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కారుతుంటే మా దగ్గర అటెండర్లు రక్తమనుకుని పసుపు పెట్టబోయారు. అది రక్తం కాదు. కంటి వెనక ఉండే హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే రంగు. ఎలక జబ్బుతోనో ఒత్తిడితోనో ఉందని అర్థం. పసుపు పెట్టి ఊరుకుంటే అసలు కారణం అట్టాగే మిగిలిపోతుంది.

గినీపంది సంగతీ అంతే. మనిషికి మాదిరే దాని ఒంట్లో సి విటమిన్ తయారు కాదు. మిగిలింది కదా అని ఎలకల మేత దానికి వేస్తూ పోతే స్కర్వీ వస్తుంది, కీళ్ళు వాచి కదలలేదు. ఇవన్నీ చదివితేనే తెలుస్తాయి. తమ్ముడూ, తప్పకుండా రాయి.

ఒంగోలు గిత్త
అందరూ 20–26 అంటున్నారు, ఆ అంకె ఎవరిది? మన దేశంలో జంతువుల మీద ప్రయోగాల సంగతి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 15వ సెక్షన్ కింద ఏర్పడ్డ కమిటీ చూస్తుంది. దాన్నే ఒకప్పుడు సీపీసీఎస్‌ఈఏ అనేవాళ్ళు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. ఆ కమిటీ మార్గదర్శకాల్లో ఉష్ణోగ్రత 18 నుంచి 29, తేమ 30 నుంచి 70 శాతం. మన గదికి మన కమిటీ అంకె ఉండగా అమెరికా అంకె బట్టీ పట్టడం ఎందుకు?

గూడూరు అమ్మాయి
పరీక్ష పెట్టేది వాళ్ళు కాబట్టి. ప్రయోగ జంతువుల్ని ఎట్టా చూసుకోవాలో చెప్పే పుస్తకం, వాళ్ళు పాటించే 'గైడ్', దాని 2011 ముద్రణలో ఎలకలకి 20–26, కుందేళ్ళకి 16–22. కుందేలు చెవుల్లోంచి వేడి వదులుతుంది. 29 డిగ్రీల గదిలో దాని అవస్థ ఒకసారి దగ్గర నిలబడి చూడండి.

ఒంగోలు గిత్త
నేను కుందేలు గురించి అడగలేదు. మా కాలేజీకి రిజిస్ట్రేషన్ ఇచ్చింది మన కమిటీ, తనిఖీకి వచ్చేది మన కమిటీ వాళ్ళు. వాళ్ళ ముందు అమెరికా పుస్తకం చూపిస్తే ఒప్పుకుంటారా?

కందుకూరు పిల్లోడు
పరీక్షలో ఫారన్‌హీట్‌లో కూడా అడుగుతారంట. దానికేదైనా కిటుకు ఉందా అక్కా?

పెన్నా గట్టు
అమ్మాయ్, "అటెండర్లు పసుపు పెట్టబోయారు" అన్నావే, ఆ మాట నాకు గుచ్చుకుంది. పసుపు పెట్టబోయిన వాడికి అది తప్పని ఎవరైనా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పినారా? బోను కడగమన్నారు, పొట్టు మార్చమన్నారు, చచ్చినవాటిని సంచిలో కట్టమన్నారు. చెప్పడానికి మాత్రం ఎవురికీ తీరిక లేదు.

ఆ వేడి పూట సంగతి చెప్పినా కదా. నేను చూసిందంతా రిజిస్టర్‌లో ఎక్కింది, నా పేరు మీద కాదు. సర్టిఫికెట్ ఉండే కుర్రోడి పేరు మీద. తనిఖీకి వచ్చినోళ్ళు ఆ పేజీ చూసి ఆ పిల్లోడిని మెచ్చుకుంటుంటే నేను వరండాలో నిలబడుండా. నన్ను లోపలికి రావద్దన్నారు. ఈ పరీక్షంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. అంకెల కోసం కాదు.

చీమకుర్తి వాసి
పెద్దాయన మాటలో న్యాయం ఉంది.

గూడూరు అమ్మాయి
సార్, మీకు జరిగింది అన్యాయమే. అటెండర్లని అన్న మాట మీకు తగులుతుందని నేను అనుకోలేదు. మరి నా సంగతీ వినండి. చదువైపోయాక నేను పని అడగబోయిన మొదటి చోట, ఆడపిల్ల ఎలకని పట్టుకుంటుందా, పట్టుకున్నా కరిస్తే ఎవరు జవాబు చెప్తారు అన్నారు. వాళ్ళ కళ్ళ ముందే భుజాల మీదుగా చెయ్యి వేసి, ఎలక బెదరకుండా ఎత్తి చూపించాను. అయినా వినలేదు. పరీక్ష పాసయ్యాక ఇంకోచోట ఆ కాగితం చూసే నన్ను పనిలోకి తీసుకున్నారు. మిమ్మల్ని వరండాలో నిలబెట్టిన కాగితమే నాకు అన్నం పెడుతోంది. దాన్ని వద్దనుకోమని నన్ను అడగకండి.

పెన్నా గట్టు
వద్దనుకోమని నేను అనలేదమ్మా. పరీక్ష ఇంగ్లీషులో ఉంది. తెలుగు మీడియంలో పదో తరగతి చదివినోడు దాని గడప తొక్కలేడు. మన భాషలో అడగమను. గినీపంది ఎన్నాళ్ళు మోస్తాదో నిద్రలో లేపి అడిగినా చెప్తా. రెండు నెలల మీద ఒక వారం, అటూ ఇటూగా. పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. ఎలక పిల్లలు మూడు వారాలకే పుడతాయి, ఒంటి మీద నూగు కూడా ఉండదు. నాకు తెలిసింది ఎవురు లెక్కేస్తారు?

గూడూరు అమ్మాయి
తెలుగులో పెట్టాలన్న మాటకి నేను మీ పక్కనే. అది వచ్చేదాకా పిల్లలు చదవడం ఆపాలన్న మాటకి మాత్రం కాదు.

ఒంగోలు గిత్త
నేను అడిగిన 18–29కి ఇంకా జవాబు రాలేదు. తనిఖీలో తేడా వస్తే నష్టపోయేది కాలేజీ.

గూడూరు అమ్మాయి
20–26 మధ్య ఉంచితే అది 18–29 లోపలే కదండీ, ఏ తనిఖీకీ తేడా రాదు. తమ్ముడూ, సెల్సియస్‌ని 9తో గుణించి, 5తో భాగించి, 32 కలుపు. 20కి 68 వస్తుంది, 26కి దాదాపు 79.

కందుకూరు పిల్లోడు
రాసుకున్నా అక్కా. నేను పరీక్ష రాస్తా. మా రిజిస్టర్‌లో ఇన్‌చార్జి సంతకం ఒక్కటే ఉండాది. చూసినోళ్ళ పేరుకి ఒక గడి గీయమని మా సార్‌ని సోమవారం అడుగుతా. మా దగ్గర కూడా ఒక పెద్దాయన ఉండాడు, అన్నీ ఆయనే ముందు కనిపెడతాడు.

పెన్నా గట్టు
అడుగు. గడి గీసి ఆయన పేరు రాసినాక నాకు చెప్పు, అప్పుడు నీ పరీక్ష సంగతి మాట్లాడతా. ఈలోపల గినీపందుల మేత సంచి మీద తయారైన తేదీ చూడు. నిలవుండే కొద్దీ అందులో సి విటమిన్ తగ్గిపోతాది. మా దగ్గర పాత సంచులు అడుగున పడి ఉండేవి, పైనవే వాడేవాళ్ళు.