స్టోరేజీ నిండిపోతే ఫోను నెమ్మదిస్తుందా?

నా ఫోను స్టోరేజీ 64 జీబీ. అందులో ఇప్పుడు ఖాళీగా మిగిలింది 2 జీబీ లోపే. నెల రోజులుగా కెమెరా తెరుచుకోవడానికే ఐదారు సెకన్లు పడుతోంది. ఈలోగా ఎదురుగా కూర్చున్న పిల్లి కాస్తా లేచి వెళ్ళిపోతోంది!

ఫోను స్టోరేజీకి వాడే ఫ్లాష్ మెమరీలో పాత సమాచారాన్ని బ్లాకులుగా చెరిపితేగాని కొత్తది రాయడం కుదరదని, ఖాళీ తగ్గేకొద్దీ ఆ పని భారమవుతుందని చదివాను. సరే, రాయడం సంగతి అర్థమైంది. మరి ఉన్న యాప్‌ను తెరవడానికి కూడా ఇంత ఆలస్యం ఎందుకు? లోపం ర్యామ్‌దా, పాతబడిన బ్యాటరీదా?

యాప్‌లు దాచుకునే తాత్కాలిక ఫైళ్ళను (క్యాషే) ఒకసారి తుడిచాను, వారంలోనే మళ్ళీ పెరిగింది. వీడియోలను కంప్యూటర్‌లోకి మార్చాలనుకుంటున్నాను. ఎంత ఖాళీ చేస్తే తేడా తెలుస్తుంది? ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళాలని లేదు. ఇలాంటి ఇబ్బంది పడినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.