గోవాలో పెళ్ళి పెట్టుకున్నాం, వచ్చే చుట్టాలకి మర్యాదలు ఎలా జరపాలి?

బెజవాడమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పెళ్ళి ఫిబ్రవరి నెలాఖర్లో సౌత్ గోవాలో, బీచ్ పక్క రిసార్ట్‌లో. అబ్బాయివాళ్ళది హైదరాబాద్, మాది విజయవాడ. పిల్లలిద్దరూ ముచ్చటపడ్డారు కాబట్టి ప్లేస్ మారదు. నా బెంగంతా చుట్టాల గురించే. అంత దూరం రమ్మంటున్నాం, టికెట్లు మేమే తీయాలా, రూములు ఎన్నాళ్ళివ్వాలి, పిలవలేని వాళ్ళకి ఏం చెప్పుకోవాలి? ముహూర్తం తెల్లవారుజామున 3 దాటాక. చేసినవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

గుంటూరు_బాబాయ్
అమ్మా, మా అన్నగారబ్బాయి పెళ్ళి ఉదయపూర్‌లో చేశాం. రూము, తిండి, స్టేషన్ నుంచి రిసార్ట్‌కి బండి, ఇవి పిలిచినవాళ్ళవే, అందులో రెండో మాట లేదు. టికెట్ ఎవరిది వాళ్ళు పెట్టుకోవడం ఇప్పుడు చాలామందికి ఓకేనే కానీ ఆ సంగతి బొట్టు పెట్టి పిలిచే రోజే నోటితో చెప్పేయాలి, తర్వాత వాట్సాప్‌లో తెలిస్తే మనసు నొచ్చుకుంటారు. మేనమామకి, మేనత్తలకి, పురోహితుడు గారికి, మేళం వాళ్ళకి మాత్రం మీరే తీయండి. పిల్లని బుట్టలో మోసుకొచ్చే మేనమామని టికెట్ కొనుక్కుని రమ్మనడం ఏం బాగుంటుంది చెప్పండి.

కూకట్‌పల్లి_కోడలు
రెండు ఎయిర్‌పోర్టుల సంగతి శుభలేఖతో పాటే చెప్పండి అక్కా! దబోలిం సౌత్‌కి దగ్గర. 2023 జనవరిలో తెరిచిన మోపా ఏమో నార్త్ చివర్న ఉంది, అక్కడ దిగితే సౌత్ రిసార్ట్‌కి ఇంచుమించు రెండు గంటలు. టికెట్ తక్కువుందని చాలామంది మోపాకే బుక్ చేసేస్తారు. పైగా గోవాలో మన దగ్గరలా ఓలా, ఊబర్ తిరగవు, పెద్దవాళ్ళు అర్ధరాత్రి దిగి టాక్సీ బేరాలాడుతూ నిలబడాలి. ఎవరు ఏ ఫ్లైట్‌కో ముందే రాసుకుని బండి పెట్టేయండి. రైలు వాళ్ళకైతే విజయవాడ, గుంటూరు మీదుగా అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, రోజూ ఉండదు, మడ్గావ్‌లో దిగాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు పొద్దున్నే ఎవరైనా కూర్చోవాలి.

సన్నాయి_డోలు
ముహూర్తం 3 దాటాక అన్నారు కదా, రిసార్ట్ వాళ్ళతో ఇది మాట్లాడారా? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులే కాదు, వాయిద్యాలు కూడా కుదరవు, 2000 సంవత్సరం నాయిస్ రూల్స్‌లో ఉంది, దేశమంతా అదే. నేను వెళ్ళిన ఒక పెళ్ళిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకి మేనేజర్ పరుగెత్తుకొచ్చి మేళం ఆపించాడు, గట్టిమేళం లేకుండా ముహూర్తం గడిచిపోయింది, పిల్ల తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆవిణ్ణి ఓదార్చలేకపోయాం. మూసి ఉన్న హాలు లోపలైతే వాయించుకోవచ్చు. కాబట్టి సంగీత్, హల్దీ బీచ్ మీద చేసుకుని పెళ్ళి మండపం హాల్లో వేయించండి. ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

గోదారి_అత్తయ్య
నేను చెప్పేది కాఫీ గురించి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. రిసార్టుల్లో టిఫిన్ ఏడున్నరకి గానీ పెట్టరు, మన పెద్దవాళ్ళు ఐదింటికే లేచి కూర్చుంటారు, వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళుంటారు. పూర్వం విడిదింట్లో తెల్లారేసరికి వేణ్ణీళ్ళు, ఫిల్టర్ కాఫీ అందేవి, అడక్కుండానే. ఆడపెళ్ళివారి పరువంతా అక్కడే తెలిసేది. ఇప్పుడు రెండువైపులవాళ్ళూ విడిదిలోనే ఉంటున్నారు కాబట్టి మీ చుట్టాలకీ అదే మర్యాద జరగాలి. మన వంటమనిషిని ఒకణ్ణి తీసుకెళ్ళి ఐదింటికి కాఫీ, రాత్రి పెరుగన్నం, ఆవకాయ ఏర్పాటు చెయ్యండి, బయటి వంటవాళ్ళని రానిస్తారో లేదో అడ్వాన్స్ కట్టకముందే అడగండి.

ఇంకోటి, చెకిన్ మధ్యాహ్నం రెండింటికి అంటారు, పొద్దున్నే దిగినవాళ్ళు స్నానం లేకుండా లాబీలో సూట్‌కేసుల మీద పడుకుంటారు. కొన్ని రూములు ముందు రోజు రాత్రి నుంచే తీసుకోండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కింది అంతస్తు. మీ ఇద్దరూ పీటల మీద ఉంటారు కాబట్టి ప్రతి కుటుంబానికీ ఫోనెత్తే పిల్లాణ్ణి ఒకణ్ణి అప్పజెప్పండి.

హన్మకొండ_అన్న
పిలవని వాళ్ళ ముచ్చట ఎవరూ చెప్తలేరు. ఊర్ల రిసెప్షన్ పెట్టుకోండి, కానీ పెళ్ళి కార్డు వాళ్ళకి ఇయ్యకండి, రిసెప్షన్ కార్డే వేరేగ కొట్టియ్యండి. ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంత దూరం అందర్నీ తీస్కపోలేకపోతున్నం, మీ ఆశీర్వాదం ఇక్కడ కావాలె అని. మా దిక్కు ఫోన్ల చెప్తే రారు.

కూకట్‌పల్లి_కోడలు
వెళ్ళేవాళ్ళకి కూడా ఒక మాట. ఇద్దర్ని పిలిస్తే ఇద్దరే వెళ్ళండి, తోడికోడలి పిల్లల్ని వెంటేసుకెళ్తే అక్కడ రూము ఎక్కణ్ణుంచి తెస్తారు? మినీబార్, లాండ్రీ బిల్లులు మనమే కట్టి రావాలి. వస్తామని చెప్పి ఆఖర్న మానేస్తే ఆ రూము డబ్బులు పిల్ల తండ్రి నెత్తిన పడతాయి.

బెజవాడమ్మ
అందరికీ చాలా థాంక్స్. రిసార్ట్‌కి ఫోన్ చేశా, హాల్లో మేళానికి సరేనన్నారు, మెయిల్ పెట్టమన్నా. వంటమనిషి విషయం ఇంకా తేల్చలేదు. పెళ్ళయిన రోజే 11కి ఖాళీ చేయాలంటున్నారు, అదేం చేయను?

గోదారి_అత్తయ్య
రాత్రంతా మేలుకున్నవాళ్ళని 11కి లేపకండమ్మా. పెద్దవాళ్ళ రూములు, అప్పగింతలయ్యేదాకా ఉండే దగ్గరివాళ్ళ రూములు ఇంకో రాత్రికి తీసేసుకోండి, మిగతావాళ్ళకి సాయంత్రం దాకా పొడిగించమని ఇప్పుడే అడగండి, సీజన్లో అప్పటికప్పుడు అడిగితే ఇవ్వరు. వంటమనిషికి ఒప్పుకోకపోతే పాలు, డికాక్షన్ కాచుకోడానికి స్టవ్ ఉన్న రూమైనా ఒకటి ఇమ్మనండి.