మినారు అంటే స్తంభమా, దీపమా?

నిన్న మన గుంపులో ఒక మిత్రుడు చార్మినార్‌ను తెలుగులో "నాలుగు స్తంభాలు" అని రాయొచ్చా అని అడిగారు. "రాయొచ్చు, మినార్ అంటే స్తంభమేగా" అని చాలామంది జవాబిచ్చారు. నాకు మాత్రం మనసొప్పలేదు. స్తంభం అనగానే ఆ మాటలోని వెలుగు ఆరిపోతుంది. అది అర్థం కావాలంటే హైదరాబాద్ కన్నా ముందు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవుకు వెళ్లాలి.

అరబ్బీలో నూర్ అంటే వెలుగు, నార్ అంటే నిప్పు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. కోహినూర్‌లో ఉన్నది ఆ నూరే. ఆ ధాతువుకు ముందు "మ" చేరితే మనార్, మనారా. అంటే వెలుగుండే చోటు. ఇలా "మ"తో మొదలై చోటును చెప్పే అరబ్బీ మాటలు మనం తెలియకుండానే బోలెడు వాడుతున్నాం. సజ్దా, అంటే సాష్టాంగపడటం, చేసే చోటు మస్జిద్. మన నోట అది మసీదైంది. దర్స్ అంటే పాఠం, అది చెప్పే చోటు మదరసా. నిలిచే చోటు మకాం. ప్రయాణంలో దిగి ఆగే చోటు మన్‌జిల్, మన మజిలీ అదే! ఆ వరసలోదే మినారు కూడా. పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చేసరికి మొదటి అక్షరానికి గుడి పడింది.

ఇస్లాం రాకముందే, 6వ శతాబ్దంలో, ఇమ్రుల్ ఖైస్ అనే కవి తన ప్రియురాలు సందెచీకట్లో సన్యాసి దీపంలా వెలుగుతోందని వర్ణించాడు. దీపానికి అక్కడ వాడిన మాట మనారా. అప్పటికింకా మసీదులే లేవు.

ఇక అలెగ్జాండ్రియా సంగతి. అక్కడ ఓడలకు దారి చూపిన ఫారోస్ దీపస్తంభం క్రీ.పూ. 3వ శతాబ్దంలో కట్టింది, ఎత్తు 100 మీటర్ల పైమాటే. అడుగున నలుచదరం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. 7వ శతాబ్దంలో అరబ్బులు ఆ ఊరికి వచ్చేనాటికి అది నిలబడే ఉంది. దాన్నీ వాళ్లు మనారా అనే పిలిచారు. 1326లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూసినప్పుడు ఒక పక్క కూలి ఉంది. 1349లో మళ్లీ వస్తే లోపలికి వెళ్లే వీలే లేదు. భూకంపాలు దాన్ని అంతగా దెబ్బతీశాయి. 1477లో సుల్తాన్ ఖైత్‌బే సరిగ్గా అదే చోట కోట కట్టించాడు. కోట లోపల ఒక మసీదు, దానికో మినారు. 1882లో బ్రిటిష్ యుద్ధనౌకల ఫిరంగి దెబ్బలకు ఆ మినారూ పోయింది. ఒకే నేల మీద ముందు ఓడలకు దారి చూపిన మనారా, తర్వాత నమాజుకు పిలిచిన మనారా. ఈ విషయం మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మసీదు మినార్ల రూపమే ఫారోస్ నుంచి వచ్చిందని 1909లో టీర్ష్ అనే జర్మన్ పండితుడు వాదించాడు. తొలి మినార్లు సిరియాలోని నలుచదరపు బురుజులని, ఇస్లామిక్ కట్టడాల చరిత్ర రాసిన క్రెస్వెల్ దాన్ని కాదన్నాడు. నాకు క్రెస్వెల్ మాటే సబబనిపిస్తుంది. రూపం సంగతి ఎలా ఉన్నా, మాట ఒక్కటే.

అందుకని నా సలహా: చార్మినార్‌ను చార్మినార్‌గానే ఉంచండి. అర్థం చెప్పాల్సి వస్తే దీపస్తంభం అనండి, కార్తీకంలో ఆకాశదీపం ఎత్తే మనకు అది కొత్త ఊహ కాదు. పత్రికల్లో "మసీదు గోపురం" అని రాస్తున్నారు, అదీ సరికాదు. గోపురం గుడి వాకిలి మీదిది. మసీదు మీద గుండ్రంగా బోర్లించినట్టు ఉండేది గుమ్మటం. నిలువుగా లేచేది మినారు.

వ్యాఖ్య: అలెగ్జాండ్రియాలో అత్తారీన్ మసీదు ఉందట కదండీ, అది మన అత్తరేనా?

జవాబు: అవునండీ, మన అత్తరే. అత్తార్ అంటే అత్తర్లు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడు, అత్తారీన్ బహువచనం. ఆ మసీదులో ఒకప్పుడు పెద్ద రాతి తొట్టి ఉండేది. వజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం, నీళ్ల కోసం దాని అడుగున రంధ్రాలు కూడా తొలిచారు. 1798లో వచ్చిన ఫ్రెంచివాళ్లు దాన్ని అలెగ్జాండర్ శవపేటిక అనుకొని తీసుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఆంగ్లేయులు లాక్కున్నారు. చిత్రలిపి చదవడం వచ్చాక తేలిందేమిటంటే, అది ఫారో రెండో నెక్టనెబోది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, రంధ్రాలతో సహా.

వ్యాఖ్య: మరి ఊరి పేరుకీ మనకీ ఏమైనా చుట్టరికం ఉందా?

జవాబు: ఉంది. అలెగ్జాండర్ పేరు మొదట్లోని "అల్"ను అరబ్బులు తమ భాషలోని "అల్" అనుకొని విడదీశారు. మిగిలినదాంట్లో "క్స్" తిరగబడి "స్క్" అయింది, ఇస్కందర్. ఊరు అల్ ఇస్కందరియ్యా. ఇస్కందరే ఉర్దూలో సికందర్. మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసింది మన సికింద్రాబాద్.